ఉడుకు నీళ్ళ లెక్క



డిసెంబరు వచ్చిందంటే వాతావరణ వార్తల్లో హయత్‌నగర్ పేరు తరచుగా వినబడుతుంది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్, హయత్‌నగర్ లాంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత బేగంపేటలో కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. బేగంపేటలో కాంక్రీటు గోడలూ తారు రోడ్లూ పగలు పట్టుకున్న ఎండను తెల్లవార్లూ వదులుతూ ఉంటాయి. మన హయత్‌నగర్ వైపు కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ వారి క్షేత్రం ఉంది. విజయవాడ రోడ్డు వెంట పెద్ద అంబర్‌పేట దాటిన కొద్దీ ఇంకా కొంత ఖాళీ నేల మిగిలి ఉంది. మబ్బు లేని రాత్రి ఆ నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, తెల్లారేసరికి బాగా చల్లబడిపోతుంది. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అంత చలి మన తరం చూడలేదు. అయినా పది, పదకొండు డిగ్రీల తెల్లవారుజామున బాత్‌రూమ్ నల్లా కింద చెయ్యి పెట్టడానికి ఎవరికైనా గుండె కావాలి.

ఈ రోజు మాట్లాడుకునేది ఆ ఉడుకు నీళ్ళ గురించే. ఎంత ఖర్చవుతోంది, ఆ ఖర్చులో ఎంత మన ఒంటి మీదికి వస్తోంది, ఎంత గాల్లో పోతోంది అన్నది.

మా కాలనీలో చాలా ఇళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు. చలికాలంలో వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దమనిషి ఒకాయన అడిగారు. "మావాడి ఇంటి వెనక హాట్ టబ్బు పెట్టించాడండీ. చుట్టూ మంచు, నడుమ పొగలు కక్కే నీళ్ళు. పగలూ రాత్రీ అట్లా వేడిగానే ఉంచుతాడు. వాడి కరెంటు బిల్లు ఏమైపోతుంది?" ఆయన బెంగ కొడుకు బిల్లు గురించే గానీ, ఆ ప్రశ్నకు జవాబు మన గీజర్లో కూడా ఉంది.

లెక్క చాలా తేలిక. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో కేలరీ కావాలి. మీటరు మీద ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. ఇంక కావలసింది గుణకారాలూ భాగహారాలే. ఆ టబ్బులో 1200 లీటర్లు పడతాయనుకుందాం. పది డిగ్రీల నీళ్ళు పోసి 39 డిగ్రీలకు తేవాలంటే సుమారు 40 యూనిట్లు ఖర్చవుతాయి. కానీ అది ఒక్కసారి పెట్టే ఖర్చు. ఆ తర్వాత నెలంతా వచ్చే బిల్లు నీళ్ళను వేడి చేసినందుకు కాదు, పోయిన వేడిని మళ్ళీ మళ్ళీ భర్తీ చేసినందుకు.

ఆ వేడి పోయేది అడుగు నుంచో, పక్క గోడల నుంచో అనుకుంటాం. అట్లా పోయేది తక్కువే. తెరిచి ఉంచిన వేడినీళ్ళకు అసలు నష్టం పైనుంచి, ఆవిరి రూపంలో జరుగుతుంది. ఆ వేడిలో ఒక లీటరు నీరు ఆవిరైపోతే దాదాపు 575 కిలో కేలరీలు లాక్కుపోతుంది. ఇది ఎంతో మన భాషలో చెప్పుకుందాం. 18 డిగ్రీల నీళ్ళు 25 లీటర్లు తీసుకుని 40 డిగ్రీలకు కాచడానికి కావలసింది 550. అంటే ఒక లీటరు ఆవిరైతే ఒక మనిషి స్నానం ఆవిరైనట్టే. అందుకే చలిదేశాల్లో హాట్ టబ్బు ఉన్నవాళ్ళు మోటారు కన్నా, హీటరు కన్నా దాని మూతను జాగ్రత్తగా చూసుకుంటారు. మందపాటి ఫోమ్ మూత అంచులు సరిగ్గా కూర్చోవాలి. ఆ ఫోములోకి నీరు చేరి మూత బరువెక్కిందంటే ఇక అది వేడిని ఆపదు, మార్చుకోవాల్సిందే. ఆ పెద్దాయన కొడుకు మూత సరిగ్గా వేస్తుంటే పరవాలేదు. మన అబ్దుల్లాపూర్‌మెట్ దారిలో ఫామ్‌హౌస్‌లలో జకూజీలు పెట్టించుకుంటున్న వాళ్ళు కూడా ముందు మూత సంగతి అడగాలి. మన చలి వాళ్ళ చలి ముందు చలే కాదు గానీ, మూత లేని నీళ్ళకు ఇక్కడా అదే గతి.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి, దాని మీద తాంబాళం బోర్లించేవాళ్ళు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళ వెనక రాగి బాయిలర్లు కనిపిస్తాయి. ఆ బాయిలర్‌ను దగ్గరగా చూడండి. నడిమధ్యలో ఒక గొట్టం, అడుగున జల్లెడ లాంటి ఇనుప చువ్వలు. గొట్టంలో పుల్లలు, పిడకలు, కొబ్బరి చిప్పలు వేసి అంటిస్తే, చుట్టూ ఉన్న రాగి పాత్రలో నీళ్ళు కాగుతాయి. మంట నీళ్ళ కింద కాకుండా నీళ్ళ నడుమ ఉంటుంది కాబట్టి వేడి బయటికి పోవాలన్నా ముందు నీళ్ళను దాటి పోవాలి. ఇంకో తమాషా ఉంది. కొన్ని రకాల బాయిలర్లలో వేడినీళ్ళు కావాలంటే పై గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పొయ్యాలి. ఆ చన్నీళ్ళు సన్న గొట్టం గుండా అడుక్కి దిగుతాయి, పైన తేలి ఉన్న వేడినీళ్ళు మూతి గుండా బకెట్లోకి వస్తాయి. ఎన్ని నీళ్ళు పోస్తే అన్నే వస్తాయి.

మీ బాత్‌రూమ్‌లో గోడకు వేలాడే గీజర్ లోపలా సరిగ్గా ఇదే జరుగుతుంది. చన్నీళ్ళ పైపు అడుగున, వేడినీళ్ళ పైపు కొస పైన. పిడకల బదులు కరెంటు కాయిలు. రాగి పాత్ర బయట వేడిని ఆపేది ఏదీ ఉండేది కాదు, నిప్పుల వేడి ఉన్నంతసేపే నీళ్ళ వేడి. గీజర్‌కు లోపలి ట్యాంకుకూ బయటి డొక్కుకూ మధ్య ఫోము పొర ఉంటుంది. ఆ పొర ఎంత బాగా పని చేస్తుందో చెప్పడానికే డబ్బా మీద నక్షత్రాల లేబుల్ అంటిస్తారు. మనం నక్షత్రాలే లెక్కపెడతాం గానీ, వాటి దగ్గరే ఒక అంకె ఉంటుంది. నీళ్ళు వాడకుండా, బయటి గాలికన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంచితే 24 గంటల్లో ఎన్ని యూనిట్లు ఊరికే పోతాయో ఆ అంకె చెబుతుంది. కొనేటప్పుడు బేరం ఎంత తగ్గించారన్నదానికన్నా అది చూడటం మేలు. గీజర్ ధర ఒక్కసారి కడతాం, ఆ అంకెకు పదేళ్ళు కడుతూనే ఉంటాం.

ఉదాహరణకు ఆ అంకె 0.4 ఉందనుకోండి. గీజర్ రోజంతా ఆన్‌లోనే ఉంచితే నెలకు 11, 12 యూనిట్లు ఒక్క చెంబు నీళ్ళు వాడకుండానే పోతాయి. ఫోము పాడైన పాత గీజరైతే ఇంకా ఎక్కువ.

ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒక వాదన వస్తుంది. "మాటిమాటికీ బంద్ చేసి మళ్ళీ వేస్తే ఎక్కువ కాలుతుంది, ఆన్‌లోనే ఉంచితే నయం" అని. ఇది నిజం కాదు. అడుగున చిల్లున్న కుండను చూడండి. నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు జోరుగా కారతాయి, మట్టం తగ్గిన కొద్దీ ధార సన్నబడుతుంది. వేడి కూడా అంతే. 60 డిగ్రీల నీళ్ళు వేడిని జోరుగా పోగొట్టుకుంటాయి, 40 డిగ్రీల నీళ్ళు మెల్లగా పోగొట్టుకుంటాయి. మీరు బంద్ చేసి, నీళ్ళు చల్లారి, మళ్ళీ వేసినప్పుడు పోయినంతే భర్తీ చేస్తారు. ఎప్పుడూ నిండుగా ఉంచిన దానికన్నా అది తక్కువే అవుతుంది, ఎక్కువ కావడానికి దారే లేదు. 15 లీటర్ల గీజర్, రెండు కిలోవాట్ల కాయిలు అయితే 20 డిగ్రీల నుంచి 60కి రావడానికి పట్టేది 21 నిమిషాలు. ఆ కాసేపటి ముందు వేసుకుంటే చాలు. ఇంట్లో వాళ్ళు ఒకరి వెంట ఒకరు స్నానానికి వెళ్తే ఇంకా మంచిది. ఐదింటికి ఒకరు, ఏడింటికి ఒకరు, తొమ్మిదింటికి ఒకరు అంటే మధ్యలో కాచి ఉంచిన నీళ్ళన్నీ గోడను వెచ్చబెడతాయి.

థర్మోస్టాట్‌ను మరీ 75కి తిప్పనక్కరలేదు. అలాగని 40, 45 దగ్గర ఉంచడం కూడా మంచిది కాదు. ఆ గోరువెచ్చని నిలవ నీళ్ళలో జబ్బు చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. 60 దగ్గర ఉంచండి. 60 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లుంటే, 18 డిగ్రీల చన్నీళ్ళు కలుపుకుని ఇంచుమించు 28 లీటర్ల స్నానపు నీళ్ళు తయారవుతాయి. ఇద్దరికి సరిపోతాయి, పొదుపుగా పోసుకుంటే.

మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. కాయిలుకు తెల్లటి పొర కడుతుంది. దానివల్ల బిల్లు రెట్టింపవుతుందని మెకానిక్కులు భయపెడతారు గానీ, కాయిలు నీళ్ళ లోపలే ఉంది కాబట్టి దాని వేడి నీళ్ళలోకి కాక ఎక్కడికీ పోదు. కాకపోతే కాయిలు లోలోపల ఎర్రగా కాలి త్వరగా మాడిపోతుంది. ఖర్చు బిల్లులో కాదు, మరమ్మతులో కనబడుతుంది. రెండేళ్ళకోసారి విప్పించి పొర గీకించడం, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించడం నా ఉద్దేశంలో తప్పనిసరి పని.

ఇప్పటిదాకా వేడి పోకుండా చూసుకోవడం గురించి చెప్పాను. కానీ నీళ్ళు ఏ వేడి దగ్గర మొదలవుతున్నాయన్న సంగతి అంతకన్నా పెద్దది. చాలామంది దాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు.

దీనికి మన ఊరి బావి దగ్గర మొదలుపెడదాం. హయత్‌నగర్‌కు ఆ పేరు హయత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ఆమె పేరున్న పాత మసీదు దగ్గర పెద్ద బావి ఉంది, హాథీ బావి అంటారు. వ్యవసాయం చేసిన పెద్దవాళ్ళను అడగండి, చలికాలం పొద్దున్నే బావి నీళ్ళు ఎట్లా ఉంటాయో. మోటారు పైపు కింద కూర్చుని స్నానం చేస్తే వెచ్చగా ఉండేవని చెప్తారు. భూమి కొంత లోతుకు వెళ్ళాక పైనున్న ఎండా చలీ దానికి పట్టవు. ఏడాది పొడవునా అక్కడి వేడి మన ఊరి సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా, సుమారు 26, 27 డిగ్రీల చుట్టూ ఉంటుంది. బోరు నుంచి అప్పుడే వచ్చే నీళ్ళూ అంతే. సంపులో నిలవ ఉన్న నీళ్ళు కూడా, చుట్టూ మట్టి ఉంటుంది కనుక, పై ట్యాంకు నీళ్ళంత చల్లబడవు.

మనం ఏం చేస్తాం? రాత్రి పడుకునే ముందు మోటారు వేసి, ఆ వెచ్చని నీళ్ళను మిద్దె మీది సింటెక్స్ ట్యాంకులోకి ఎక్కిస్తాం. తెల్లవార్లూ మంచులో నిలబెడతాం. పొద్దున ఆ చల్లారిన నీళ్ళను గీజర్లో పోసి కరెంటు పెట్టి కాచుకుంటాం.

రాత్రి ట్యాంకును సగానికి పైగా ఖాళీ కానిచ్చి, పొద్దున్నే ఐదింటికి మోటారు వేయండి. మోటారు కాల్చే కరెంటు రాత్రయినా పొద్దునైనా ఒకటే. కానీ నీళ్ళు 18 దగ్గర కాక 26 దగ్గర మొదలైతే, 25 లీటర్ల స్నానానికి 0.64 యూనిట్ల బదులు 0.41 సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు 77 యూనిట్లు కావలసిన చోట 49. ట్యాంకులో పాత చన్నీళ్ళు కొన్ని కలుస్తాయి కాబట్టి పూర్తిగా అంత రాకపోవచ్చు. సగం వచ్చినా లాభమే, దీనికి కొనవలసిన వస్తువు ఏమీ లేదు కదా. బోరు పైపుకు కిందే ఒక నల్లా ఉన్న ఇళ్ళలో అయితే నేరుగా బకెట్టు పట్టుకుంటే సరి.

అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు ఉన్న ఇంట్లో ఈ లెక్క ఇంకా తగ్గుతుంది, నలభై ఒక్క రోజులు రెండు పూటలా చన్నీళ్ళే కదా. అది పొదుపు కోసం చేసేది కాదని స్వాములు కోప్పడతారేమో.

ఈ పాతిక, ముప్పై యూనిట్ల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. 2022లో ఖరారైన స్లాబుల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. 205 యూనిట్లు తిరిగితే, మిగతా చార్జీలు వదిలేసినా, బిల్లు వెయ్యిన్నీ యాభై ఎనిమిది దాకా అవుతుంది. ఐదు యూనిట్లకు వెయ్యి రూపాయలు! పథకం లేని ఇళ్ళకూ దెబ్బ తప్పదు. సరిగ్గా 200 దగ్గర ఆగితే 820 రూపాయలు, ఇంకో ఐదు యూనిట్లకు అదనంగా 238. వేసవిలో ఫ్యాన్లు, కూలర్లు దాటిస్తాయి, అది అందరూ ఎదురుచూసేదే. డిసెంబరు, జనవరిలో ఫ్యాన్లు ఆగిపోయాయి కదా అని ధీమాగా ఉన్నవాళ్ళను గీజర్ దాటిస్తుంది. భోగి తలంటు రోజున చుట్టాలు నలుగురు దిగారంటే చెప్పనే అక్కరలేదు. చుట్టాలను రావద్దనలేం, కనీసం ఆ నెల మీటరు మీద ఒక కన్నేసి ఉంచండి.

సొంత ఇల్లూ, మిద్దె మీద జాగా ఉన్నవాళ్ళకు నేను చెప్పేది సోలార్ హీటరే. చలికాలం సోలార్ పని చెయ్యదని ఒక అపోహ ఉంది. మన దగ్గర చలి ఎక్కువయ్యేది ఆకాశం మబ్బు లేకుండా ఉన్నప్పుడు. రాత్రి ఏ తేటదనం వల్ల నేల చల్లబడుతుందో, పగలు అదే తేటదనం వల్ల ఎండ గాజు గొట్టాల మీద నిండుగా పడుతుంది. అంటే బాగా చలి పెట్టిన రోజుల్లోనే సోలార్ బాగా పని చేస్తుంది. మొండికేసేది మబ్బు పట్టిన వానాకాలంలో, అప్పుడు మనకు అంత వేడినీళ్ళు అక్కర్లేదు.

సోలార్ చిక్కు పైపులో ఉంది. మిద్దె మీది ట్యాంకు నుంచి కింది బాత్‌రూమ్‌కు 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంటే, అందులోనే దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు ఉంటాయి. నల్లా తిప్పగానే ముందు వచ్చేవి ఆ చల్లారిన నాలుగు లీటర్లు. వాటిని డ్రైనేజీలోకి వదలకుండా బకెట్టు పట్టి మొక్కలకో, బట్టలకో వాడుకోవచ్చు. నల్లా కట్టేశాక పైపులో మళ్ళీ నాలుగు లీటర్ల వేడినీళ్ళు చిక్కుకుని చల్లారిపోతాయి. నలుగురు నాలుగు వేళల్లో తిప్పితే నాలుగుసార్లు ఇదే. అందుకే ఇక్కడా వెంటవెంటనే స్నానాలు అయిపోవాలి. పైపు మీద నల్లటి ఫోము గొట్టం తొడిగించండి. బిగించేవాళ్ళు ఈ పని తరచూ ఎగ్గొడతారు, అడిగి చేయించుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు హాస్టళ్ళలో ఉండే పిల్లలకు గీజరూ సోలారూ చేతిలో ఉండవు, హీటర్ రాడ్డే దిక్కు. రాడ్డు కూడా నీళ్ళ లోపలే ఉంటుంది కనుక కరెంటు విషయంలో అది గీజర్‌కు తీసిపోదు, పైగా కాచి నిలవ ఉంచే పనే లేదు. కానీ ప్రాణం సంగతి వేరు. ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్ళలో వేలు పెట్టాలి, నీళ్ళు కాగాయో లేదో చూడటానికైనా సరే. ఇనుప బకెట్టు వద్దు. గ్యాస్ గీజర్ పెట్టించుకున్న వాళ్ళకు ఇంకో మాట. దాన్ని బాత్‌రూమ్ బయట, గాలి ఆడే చోట బిగించాలి. తలుపులు మూసిన ఇరుకు గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. స్నానానికి వెళ్ళిన మనిషి స్పృహ తప్పి పడిపోయే దాకా ఎవరికీ తెలియదు.

మీ గీజర్ ఎంత వేడి పోగొడుతోందో మీరే చూసుకునే ఉపాయం ఒకటుంది. కొత్త మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలావాటి మీద 3200 అనో 1600 అనో. పగలు ఎవరూ స్నానం చేయని వేళ చూసి, గీజర్ వేసి, నీళ్ళు కాగి దాని దీపం ఆరిపోయే దాకా ఆగండి. ఆ టైము రాసుకోండి, ఆ తర్వాత వేడినీళ్ళ నల్లా ముట్టుకోకండి. గీజర్ తనంతట తాను మళ్ళీ వెలగగానే ఇంట్లో ఫ్రిజ్‌తో సహా మిగతావన్నీ కట్టేసి, గీజర్ దీపం మళ్ళీ ఆరిపోయే దాకా మీటరు మిణుకులు లెక్కపెట్టండి. ఆ మిణుకులను యూనిట్లలోకి మార్చండి. మీరు ఏమీ వాడకుండానే తిరిగిన ఆ యూనిట్లను, గీజర్ దీపం మొదటిసారి ఆరినప్పటి నుంచి రెండోసారి ఆరేదాకా పట్టిన గంటలను బట్టి 24 గంటలకు లెక్కగట్టి, గీజర్ మీది లేబుల్‌తో పోల్చి చూడండి. లేబుల్ అంకెకు రెండింతలు దాటితే లోపలి ఫోము పోయినట్టు. అప్పుడు కాయిలు మార్చి లాభం లేదు, గీజర్‌నే మార్చాలి.